ఏజెన్సీ ద్వారా మూడు నెలల డ్యూటీకి వెళ్లే నర్సు బయలుదేరే ముందు ఏమేమి చూసుకోవాలి?

కర్నూలు_స్టాఫ్_నర్సు:

అందరికీ నమస్కారం. నేను జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా పూర్తిచేసి, కర్నూలులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. అనంతపురంలో మూడు నెలల పాటు ఐసీయూ డ్యూటీ ఉందని, అది సవ్యంగా పూర్తిచేస్తే ఆ తరువాత బెంగళూరులో మరో మూడు నెలలు ఇప్పిస్తామని ఒక ఏజెన్సీ వారు చెప్పారు. ఇప్పుడు నాకు వచ్చే జీతం కంటే అది బాగా ఎక్కువ, హాస్టల్ వసతి కూడా వారిదేనట. అయితే ఇంతవరకు నా చేతికి వచ్చింది ఒక వాట్సాప్ సందేశం మాత్రమే. చేరే రోజున ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ ఆఫీసులో అప్పగించాలని కూడా అందులోనే రాశారు.

జీతం సంగతి కంటే పని సంగతే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. వెంటిలేటర్ మీద ఉన్న రోగిని నేను చూసుకున్నది మొత్తం మీద రెండు నెలలే, అది కూడా పక్కన సీనియర్ సిస్టర్ ఉండగా. అమ్మ ఒప్పుకుంది గానీ, నాన్నగారు "ముందు కాగితం చూపించు, తరువాత మాట్లాడదాం" అంటున్నారు. ఇలా తాత్కాలిక డ్యూటీలు చేసి వచ్చినవారు, అటువంటి నర్సులను తమ వార్డుల్లో చేర్చుకున్నవారు దయచేసి మీ అనుభవం చెప్పండి.

అనంత_ఐసీయూ_సిస్టర్:

చెల్లెమ్మా, మీ నాన్నగారి మాటే సరైనది. పదకొండేళ్ల సర్వీసులో ఆరు చోట్ల ఇలా తాత్కాలికంగా చేశాను కాబట్టి చెబుతున్నాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ అప్పగించకండి. చూపించండి, వారి ఎదురుగా సరిచూసుకోమనండి, జిరాక్స్ మీద "ఒరిజినల్‌తో సరిచూడబడినది" అని సంతకం చేసుకోమనండి, తిరిగి మీ సంచిలో పెట్టుకోండి. నా రెండో అసైన్‌మెంటులో ఏజెన్సీ వారు నా మార్కుల మెమోలు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీసుకుని ఉంచుకున్నారు. అదే సమయంలో ప్రభుత్వ కాంట్రాక్టు పోస్టులకు సర్టిఫికెట్ల పరిశీలన పిలుపు వచ్చింది. "మధ్యలో వెళ్లిపోతారని ఉంచుకున్నాం, నెల జీతం కట్టి తీసుకెళ్లండి" అన్నారు. ఆ డబ్బు కట్టేసరికి పరిశీలన రోజు గడిచిపోయింది. ఆ నష్టం నాకు ఇప్పటికీ గుర్తుకొస్తూనే ఉంటుంది.

ఇక ఒప్పంద పత్రం విషయం. ఆసుపత్రి పేరు, ఏ యూనిట్, ఎన్ని గంటల షిఫ్టు, వారానికి ఎన్ని సెలవులు, నైట్ డ్యూటీలు వరుసగా ఎన్ని, అదనపు గంటలకు ఎంత, జీతం ఏ తారీఖున ఎవరి ఖాతా నుంచి వస్తుంది, మధ్యలో వారే వద్దంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవన్నీ అందులో ఉండాలి. వీటిలో చాలామంది పట్టించుకోని వాక్యం ఒకటుంది. "అవసరాన్ని బట్టి ఏ విభాగంలోనైనా పనిచేయవలెను" అని రాసి ఉంటే, మీరు ఐసీయూకని వెళ్లినా డయాలసిస్‌కో, లేబర్ రూమ్‌కో పంపుతారు, కాదనడానికి మీ దగ్గర ఆధారం ఉండదు. ఆ వాక్యాన్ని తీసేయమని అడగండి. తీసేయకపోతే "నర్సుకు శిక్షణ ఉన్న విభాగాలలో మాత్రమే" అన్న మాట చేర్చమని అడగండి. నాకు నాలుగు చోట్ల అలా చేర్చి ఇచ్చారు, అడగడానికి సంకోచించవద్దు.

ఒక్కొక్క నర్సుకు ఎందరు రోగులు అన్నది కూడా ముందే అడగాలి. భారత నర్సింగ్ మండలి ప్రమాణం ప్రకారం ఐసీయూలో ఒక రోగికి ఒక నర్సు, బోధనాసుపత్రుల జనరల్ వార్డుల్లో ముగ్గురికి ఒకరు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలి. వాస్తవంలో ఎక్కడ ఎలా ఉంటుందో మనందరికీ తెలిసిందే గానీ, వెంటిలేటర్ రోగులు ముగ్గురిని ఒక్కరే చూడాలని ముందే తేలితే మీ అనుభవానికి అది తగిన చోటు కాదు.

నంద్యాల_బ్రదర్:

సిస్టర్, నా అభిప్రాయం కొంచెం వేరు. అన్నీ సరిపోయిన తరువాతే వెళదామంటే మన జిల్లాల నుంచి ఎవరూ కదలలేరు. ఐసీయూ అనుభవం పెద్దగా లేకుండానే నేను హైదరాబాద్‌లో మూడు నెలల డ్యూటీకి వెళ్లాను. మొదటి పది రోజులు భయంగానే గడిచాయి. ఆ తరువాత ఏబీజీ (ధమని రక్తంలోని వాయువుల) రిపోర్టు చదవడం, సక్షన్‌తో కఫం లాగేయడం, ట్రకియాస్టమీ (ఊపిరి కోసం గొంతు దగ్గర పెట్టిన రంధ్రం) కేర్ అన్నీ అక్కడే నేర్చుకున్నాను. ఈ రోజు నా జీతం, నాకున్న గౌరవం ఆ మూడు నెలల వల్లనే వచ్చాయి. రాదని చెప్పి ఆగిపోవడం కంటే వెళ్లి నేర్చుకోవడం మేలని నా నమ్మకం.

కడప_వార్డ్_ఇన్‌ఛార్జ్:

బ్రదర్, మీరు కష్టపడి నేర్చుకున్నారు, అందుకు సంతోషం. కానీ మీరు చెప్పనిది ఒకటుంది. ఆ పది రోజులు మీ పక్కన ఎవరున్నారు? నేర్పించేవారు పక్కనుంటే కొత్త నర్సు ఎవరైనా నేర్చుకుంటారు. తాత్కాలిక నర్సును మాత్రం సిబ్బంది తక్కువై తెచ్చుకుంటారు కాబట్టి, చేరిన రెండో రోజుకే నైట్ డ్యూటీలో ఒంటరిగా నిలబెట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఈ చెల్లెలికి నేను వెళ్లవద్దని చెప్పను. తన రెండు నెలల అనుభవాన్ని రెండు నెలలుగానే ఏజెన్సీ ఫారంలో రాయమని చెబుతాను. కొందరు ఏజెన్సీ వారు "ఐసీయూ రెండేళ్లు" అని వారే నింపి సంతకం పెట్టమంటారు. ఆ ఫారం చూసే నాలాంటి ఇన్‌ఛార్జ్ ఆ రాత్రి డ్యూటీలు వేస్తుంది. అక్కడ రాసిన అబద్ధపు భారం రోగి మీద పడుతుంది.

నా వార్డుకు ఏడాదిలో ఎనిమిది, పది మంది తాత్కాలిక నర్సులు వస్తుంటారు. వారిలో నిలదొక్కుకున్నవారిని గమనిస్తే, మొదటి షిఫ్టులో మొదటి గంట వారు రోగుల కంటే ముందు వార్డును చూస్తారు. ఎమర్జెన్సీ ట్రాలీ ఎక్కడుంది, దాని తాళం ఎవరి దగ్గరుంటుంది, గుండెకు షాకిచ్చే డీఫిబ్రిలేటర్ ప్లగ్ పెట్టి ఉందా, ఆక్సిజన్ పోర్టుకు ఫ్లోమీటర్ బిగుస్తుందా, సక్షన్ లాగుతోందా అని స్వయంగా చేతితో పట్టుకుని చూస్తారు. రాత్రి డ్యూటీ డాక్టరు నంబరు, బ్లడ్ బ్యాంకు నంబరు చిన్న కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకుంటారు. ఇవన్నీ అడిగినందుకు ఏ ఇన్‌ఛార్జ్ కూడా చిన్నచూపు చూడదు, నేనైతే అడగని వారి గురించే ఆందోళన పడతాను.

ఒక సంఘటన వివరంగా చెబుతాను. వేరే ఊరి నుంచి వచ్చిన ఒక తాత్కాలిక సిస్టర్ చాలా శ్రద్ధగా పనిచేసేది. ఆమె అంతకుముందు చేసిన చోట ఇన్సులిన్ అంతా పెన్నులు, కార్ట్రిడ్జులే, అంటే మిల్లీలీటరుకు 100 యూనిట్లు. మా వార్డులో వయల్స్ వాడతాం, వాటిలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు. ఆ రోజు స్టోరు నుంచి వచ్చిన డబ్బాలో ఎరుపు మూత సిరంజీలతో పాటు నారింజ రంగు మూతవి కూడా కలిసి వచ్చాయి. ఎరుపు మూతది 40 యూనిట్ల వయల్‌కు, నారింజ మూతది 100 యూనిట్ల దానికి. ఆమె నారింజ మూత సిరంజీతో మా వయల్ నుంచి 20 గీత దాకా తీసి ఇచ్చింది. ఆ గీతకు వచ్చేది 0.2 మిల్లీలీటర్లు, అంటే రోగికి అందినది 8 యూనిట్లే. సాయంత్రానికి షుగరు దిగకపోవడంతో డాక్టరు డోసు పెంచబోతూ ఆగి, సిరంజీ చూపించమన్నారు. పొరపాటు అప్పుడు బయటపడింది. ఇదే తిరగబడి, 100 యూనిట్ల వయల్ నుంచి ఎరుపు మూత సిరంజీతో 20 గీత దాకా తీసి ఉంటే రోగికి వెళ్లేది 50 యూనిట్లు. ఆ సిస్టర్‌ను నేను మందలించలేదు. రెండు రకాల సిరంజీలు ఒకే డబ్బాలో ఉండనివ్వడం నా తప్పు, ఆమె చేరిన రోజున వయల్ చేతికిచ్చి చూపించకపోవడం కూడా నా తప్పే. అప్పటి నుంచి ఎవరు కొత్తగా వచ్చినా మందుల అలమర ముందు వారిని పది నిమిషాలు నిలబెట్టి చూపిస్తున్నాను.

మీరు వెళ్లిన చోట ఎవరూ చూపించకపోతే మీరే అడగండి. ఇన్సులిన్ ఏ బలం, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ వయల్ మిల్లీలీటరుకు 1000 యూనిట్లదా 5000 యూనిట్లదా, పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్స్ ఎక్కడ పెడతారు అన్న మూడూ తెలియకుండా ఇంజెక్షన్ ట్రే ముట్టుకోవద్దు. మన దగ్గర దొరికే 10 మిల్లీలీటర్ల పొటాషియం ఆంప్యూల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్లు ఉంటాయి, దాన్ని కలపకుండా నేరుగా నరానికి ఇస్తే గుండె ఆగిపోతుంది. చూడటానికి మాత్రం అది డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్ లాగానే ఉంటుంది. మీకు అలవాటైన అలమరలో అది ఎడమ మూల ఉండవచ్చు, కొత్త చోట ఆ ఎడమ మూల ఏముంటుందో చేతికి తెలియదు. కొత్త వార్డులో చేతి అలవాటును నమ్మవద్దని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

కర్నూలు_స్టాఫ్_నర్సు:

మేడమ్ గారూ, మీరు చెప్పిన సిరంజీ సంగతి చదివి ఈ రోజు డ్యూటీలో మా అలమర తెరిచి చూశాను. మా దగ్గర కూడా రెండు రకాలూ ఒకే ట్రేలో ఉన్నాయి. వెంటనే వేరు చేసి మా ఇన్‌ఛార్జ్‌కు చెప్పాను. ఏజెన్సీ ఫారంలో నా అనుభవం ఉన్నది ఉన్నట్లే రాస్తాను. పీఎఫ్, ఈఎస్‌ఐ గురించి అడిగితే "మూడు నెలలకు అవన్నీ ఎందుకు, చేతికి పూర్తి డబ్బు ఇస్తాం" అంటున్నారు. దానికి ఒప్పుకోవచ్చా?

పొద్దుటూరు_లెక్కలు:

నా భార్య నర్సు, నేను అకౌంట్స్ పని చేస్తాను. అమ్మా, "చేతికి పూర్తి డబ్బు" అన్న మాటకు చాలామంది నర్సులు నష్టపోవడం నేను చూశాను. అలా ఇచ్చేవారు సాధారణంగా మిమ్మల్ని ఉద్యోగిగా కాక వృత్తి నిపుణురాలిగా చూపి, ప్రొఫెషనల్ ఫీజు కింద 10 శాతం పన్ను ముందుగానే (టీడీఎస్) కోసుకుని మిగిలినది ఇస్తారు. మీ మొత్తం ఆదాయానికి పన్ను పడకపోతే ఆ డబ్బు మీకు తిరిగి వస్తుంది, కానీ మీరు రిటర్ను వేస్తేనే వస్తుంది. ఒక సిస్టర్ మూడేళ్ల పాటు రిటర్ను వేయకుండా ఊరుకుని, గడువులు దాటిపోయి, తనది కాని పన్ను కట్టినట్లయింది. ఏజెన్సీ మీ పాన్ నంబరు మీద ఆ డబ్బు నిజంగా జమ చేసిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లోని పన్ను జమల పట్టికలో (26ఏఎస్) మూడు నెలలకొకసారి చూసుకోండి.

పీఎఫ్ విషయానికి వస్తే, మీకు ఇప్పటికే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఉంటుంది, దాన్నే కొత్త చోట ఇవ్వండి. తొందరలో కొత్త యూఏఎన్ తీయించుకున్నవారు తరువాత రెండింటినీ కలపడానికి నెలల తరబడి తిరుగుతున్నారు. ప్రతి అసైన్‌మెంటు ముగియగానే డబ్బు తీసేసుకోవడం కూడా మంచి పద్ధతి కాదు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడవచ్చు, పదేళ్ల సర్వీసు ఉంటేనే నెలవారీ పింఛనుకు అర్హత వస్తుంది. పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేసుకుంటూ పోతే చిన్న చిన్న డ్యూటీలన్నీ కలిసి ఆ పదేళ్ల లెక్కలోకి వస్తాయి.

ఈఎస్‌ఐ నెలకు 21,000 రూపాయల లోపు వేతనం ఉన్నవారికి వర్తిస్తుంది. మీ వేతనం నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం వెళుతుంది. దీని విలువ జబ్బు పడినప్పుడు గానీ తెలియదు. అనారోగ్యపు సెలవుకు నగదు సాయం రావాలంటే ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి, ప్రసూతి సాయానికి అంతకు ముందరి రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజులు ఉండాలి. ఒక డ్యూటీకి మరో డ్యూటీకి మధ్య నెలల ఖాళీ వస్తే ఈ లెక్క తప్పిపోతుంది. పెళ్లై, పిల్లల ఆలోచనలో ఉన్న సిస్టర్లు ఇది తప్పక చూసుకోవాలి.

జీతం ఇవ్వకుండా ఏజెన్సీ మొహం చాటేస్తే ఏం చేయాలన్నది కూడా తెలిసి ఉండాలి. కాంట్రాక్టరు వేతనం ఎగ్గొడితే, పని చేయించుకున్న సంస్థే ఇవ్వాలన్న సూత్రం 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ ఉంది. అయితే ఆ సంస్థలో మీరు పనిచేసినట్లు మీరే చూపించాలి. ప్రతి నెల డ్యూటీ రోస్టరులో మీ పేరున్న పేజీని ఇన్‌ఛార్జ్ అనుమతితో ఫోటో తీసుకోండి. రోగుల పేర్లున్న పేజీ మాత్రం ఎప్పుడూ తీయకండి.

ఆదోని_అక్క:

హాస్టల్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. వసతి వారిదేనంటే ఆ గదిని ముందుగా ఒకసారి చూసి రావాలి. కర్నూలు నుంచి అనంతపురం సుమారు 150 కిలోమీటర్లు, ఉదయం బస్సెక్కి సాయంత్రానికి తిరిగి రావచ్చు. గది చూసేటప్పుడు నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషి పగలు అక్కడ నిద్రపోగలదా అని ఆలోచించండి. డే డ్యూటీ వాళ్లు, నైట్ డ్యూటీ వాళ్లు ఒకే గదిలో ఉంటే ఇద్దరికీ నిద్ర ఉండదు. అనంతపురం ఎండల్లో పై అంతస్తు రేకుల గదిలో ఫ్యాను కింద పడుకుని మూడు రాత్రులు వరుసగా డ్యూటీ చేసిన దాన్ని నేను. నాలుగో రాత్రి బీపీ చూస్తూ కూర్చున్నచోటే కునికాను. నా పొరపాటు వల్ల ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ మర్నాడే నా సొంత డబ్బుతో కింది అంతస్తులో గది తీసుకున్నాను. హాస్టల్ నుంచి ఆసుపత్రికి రాత్రి ఎనిమిదికి నడిచి వెళ్లే దారిలో దీపాలున్నాయో లేవో కూడా చూడండి. తాగేనీళ్లు ఫిల్టరువో కావో అడగండి, ఉమ్మడి అనంతపురం జిల్లాలో చాలా ఊళ్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ.

భాష గురించి రెండు మాటలు. అనంతపురానికి మడకశిర, రాయదుర్గం వైపు నుంచి వచ్చే రోగుల్లో కన్నడమే మాట్లాడేవారు ఉంటారు. మన కర్నూలు, కడపల్లో ఉర్దూ తప్ప మరొకటి రాని పెద్దవాళ్లు ఉంటారని మీకు తెలుసు. నొప్పి ఎక్కడ, ఊపిరి ఆడుతోందా, ఎప్పుడు తిన్నారు, మూత్రం వచ్చిందా అన్న నాలుగు ప్రశ్నలు ఆ భాషల్లో నేర్చుకుంటే చాలు, రోగి మిమ్మల్ని నమ్ముతాడు.

వేధింపుల విషయంలో తాత్కాలిక నర్సులు "మనం మూడు నెలలకు వచ్చాం, మనకెందుకు" అని ఊరుకుంటారు. పనిచేసే చోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 నాటి చట్టం కాంట్రాక్టు వారికీ, రోజువారీ వారికీ వర్తిస్తుంది. పది మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదుకు మూడు నెలల గడువు ఉంటుంది, అంటే మీ డ్యూటీ ముగిసి ఇంటికి వచ్చేసిన తరువాత కూడా ఇవ్వవచ్చు. చేరిన రోజే ఆ కమిటీ వివరాలు ఏ బోర్డు మీద ఉన్నాయో చూసి పెట్టుకోండి.

కదిరి_నైట్_డ్యూటీ:

నేను చిన్న ఆసుపత్రులకే ఎక్కువగా వెళ్లాను. పట్నపు ఆసుపత్రి నుంచి అక్కడికి వచ్చిన నర్సుకు రెండు కేసులు కొత్తగా అనిపిస్తాయి, పాముకాటు, పురుగుమందు. వేరుశనగ పొలాల పని మొదలయ్యాక పాముకాటు కేసులు రాత్రుళ్లు వస్తూనే ఉంటాయి. రక్తం గడ్డకట్టే పరీక్షకు శుభ్రంగా, పొడిగా ఉన్న గాజు ట్యూబే కావాలి, ప్లాస్టిక్‌ది పనికిరాదు. రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా మంచం పక్కన నిలబెట్టి, తరువాత ఒక్కసారి వంచి చూడాలి. మధ్యమధ్యలో వంచి చూసి పరీక్ష పాడుచేసినవారిని నేను చూశాను. ద్రవంగానే ఉంటే డాక్టరు యాంటీ వీనమ్ మొదలుపెట్టిస్తారు, మామూలుగా పది వయల్స్‌తో. ఒక్కొక్క వయల్‌లో 10 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, ఊపకుండా చేతుల మధ్య మెల్లగా తిప్పి కరిగించాలి, ఊపితే నురగ వస్తుంది. అది ఎక్కుతుండగా దద్దుర్లు, ఆయాసం వచ్చే అవకాశం ఉంది కాబట్టి అడ్రినలిన్ ముందే సిరంజీలోకి తీసి, పేరు రాసి ట్రేలో పెట్టుకుంటాం.

పురుగుమందు తాగినవారికి విరుగుడుగా అట్రోపిన్ ఇస్తుంటే మన దగ్గరి ఆంప్యూల్ 0.6 మిల్లీగ్రాములదే కాబట్టి ఒక్క రాత్రిలో పదుల కొద్దీ ఆంప్యూల్స్ పగులుతాయి. ఖాళీ ఆంప్యూల్స్ వెంటనే పారేయకుండా ఒక ట్రేలో ఉంచుకుని, కేస్ షీటులో రాసిన లెక్కతో సరిచూసుకున్నాక పారేయండి. హ్యాండోవర్‌లో తరువాతి సిస్టర్ మొదట అడిగేది ఆ లెక్కే. గ్లవ్స్ వేసుకుని రోగి బట్టలు తీసేసి, ఒళ్లు సబ్బుతో కడగడం మరవద్దు, ఆ మందు మన చర్మం ద్వారా కూడా లోపలికి వెళుతుంది.

సూది గుచ్చుకుంటే ఏం చేయాలన్నది వెళ్లిన మొదటి రోజే తెలుసుకోవాలి. సబ్బు నీళ్లతో కడగాలి, పిండకూడదు, స్పిరిట్ పోయకూడదు. హెచ్‌ఐవీ నివారణ మందు వీలైతే రెండు గంటల్లోపు, ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆ మొదటి డోసు రాత్రివేళ ఆ ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది అన్నది ఇన్‌ఛార్జ్‌ను అడిగి రాసుకోండి. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులూ పూర్తయ్యాయా? చివరి డోసు తరువాత యాంటీబాడీ పరీక్షలో విలువ 10 దాటిందా? ఆ రిపోర్టు కాపీ మీ దగ్గర ఉండాలి. నాకు సూది గుచ్చుకున్నప్పుడు ఆ ఒక్క కాగితం ఉండబట్టి ఆ రాత్రి సగం భయం తగ్గింది.

కర్నూలు_స్టాఫ్_నర్సు:

ఇంత ఓపికగా రాస్తున్నందుకు అందరికీ కృతజ్ఞతలు. నాకు టీకాలు పూర్తయ్యాయి గానీ యాంటీబాడీ పరీక్ష చేయించుకోలేదు, ఈ వారంలో చేయిస్తాను. బెంగళూరుకు వెళ్లాలంటే మన కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సరిపోతుందా? అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురు అక్కడ పదమూడు వారాల ఒప్పందాల మీద రాష్ట్రాలు మారుతూ పనిచేస్తుందట, ఒక్క లైసెన్సుతోనే చాలా రాష్ట్రాల్లో చేయవచ్చని చెప్పింది.

అనంత_ఐసీయూ_సిస్టర్:

అమెరికాలో నర్సు లైసెన్సుల మీద రాష్ట్రాల మధ్య ఒక ఒడంబడిక ఉంది, అందులో చేరిన రాష్ట్రాలు నలభైకి పైగా ఉన్నాయి. మనకు అటువంటిది లేదు, ఏ రాష్ట్ర కౌన్సిల్ ఆ రాష్ట్రానిదే. బెంగళూరులో చేయాలంటే కర్ణాటక కౌన్సిల్‌లో నమోదు కావాలి, దానికి మన కౌన్సిల్ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. "తరువాత చూసుకుందాం, ముందు చేరండి" అని ఏజెన్సీ చెబితే ఒప్పుకోకండి. ఏదైనా జరిగి కేసు పెట్టే పరిస్థితి వస్తే, ఆ రాష్ట్రంలో నమోదు లేని నర్సు ఆ రోజు డ్యూటీలో ఎందుకుందన్న ప్రశ్నే మొదట వస్తుంది. జాతీయ నమోదు వ్యవస్థలో వచ్చే ఎన్‌యూఐడీ నంబరు మీకు ఉందో లేదో కూడా చూసుకోండి, అందులో మీ పేరు అక్షరాలు ఆధార్‌లో, పదో తరగతి మెమోలో ఉన్నట్లే ఉండాలి. 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది, జాతీయ రిజిస్టరు సంగతి అందులో ఉంది. అది పూర్తిగా అమలై మన పని సులువయ్యే దాకా ఈ కాగితాల తిరుగుడు తప్పదు.

ముఖ్యమైనది మరొకటి. ప్రతి డ్యూటీ ముగిసిన రోజునే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతికి తీసుకుని బయలుదేరండి. చేరిన తేదీ, రిలీవ్ అయిన తేదీ, యూనిట్ పేరు, పడకల సంఖ్య అందులో ఉండాలి. ఏజెన్సీ లెటర్‌హెడ్ మీదిది ఒకటి, ఆసుపత్రి లెటర్‌హెడ్ మీదిది ఒకటి, రెండూ అడగండి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసినవారికి ఇది మరీ అవసరం. మన రాష్ట్ర స్టాఫ్ నర్సు నోటిఫికేషన్లలో చదువు మార్కులకు 75, చదువు పూర్తయిన తరువాతి ఏళ్లకు 10, అలాంటి సర్వీసుకు 15 దాకా వెయిటేజీ లెక్క ఉంటూ వచ్చింది. నోటిఫికేషన్‌తో ఇచ్చిన నమూనాలో, అధికారి సంతకంతో సర్టిఫికెట్ లేక ఆ మార్కులు పోగొట్టుకున్నవారు నా బ్యాచ్‌లోనే ఇద్దరున్నారు.

నంద్యాల_బ్రదర్:

కడప మేడమ్ గారు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి కదా. హైదరాబాద్‌లో ఆ పది రోజులూ నా పక్కన కేరళ నుంచి వచ్చిన ఒక సీనియర్ సిస్టర్ ఉన్నారు. వెంటిలేటర్ అలారం మోగిన ప్రతిసారీ ముందు రోగి ఛాతీ వైపు చూడమని, తరువాతే తెర వైపు చూడమని నా భుజం పట్టుకుని తిప్పేవారు. ఆమె లేకపోతే నేను ఎలా ఉండేవాడినో చెప్పలేను. నా మొదటి సలహాను ఆ మేరకు సరిచేసుకుంటున్నాను. చెల్లెమ్మా, మొదటి రెండు వారాలు సీనియర్‌తో జతగా డ్యూటీ వేయాలని ఒప్పందంలోనే రాయించుకో.

కర్నూలు_స్టాఫ్_నర్సు:

పదిహేను రోజుల తరువాత రాస్తున్నాను. ఏజెన్సీ వారితో మూడుసార్లు మాట్లాడాల్సి వచ్చింది. ఒరిజినల్స్ ఇవ్వనని చెబితే మొదట కోపగించుకున్నారు, తరువాత సరిచూసి తిరిగి ఇచ్చేందుకు ఒప్పుకున్నారు. నా అనుభవం ఉన్నది ఉన్నట్లు రాయడంతో ఆసుపత్రి నర్సింగ్ సూపరింటెండెంట్ గారే ఫోన్ చేసి, మొదటి నెల హెచ్‌డీయూలో (ఐసీయూ కంటే ఒక మెట్టు తక్కువ అవసరమున్న రోగుల విభాగం), ఆ తరువాత సీనియర్ సిస్టర్ జతగా ఐసీయూలో వేస్తామని చెప్పి, ఆ మాటను ఒప్పంద పత్రంలో రాయించారు. అందువల్ల జీతం వారు మొదట చెప్పినదాని కంటే కొంచెం తగ్గింది, నాకు అభ్యంతరం లేదు. పీఎఫ్ పాత యూఏఎన్ మీదనే వేస్తారు. బెంగళూరు సంగతి కర్ణాటక నమోదు పూర్తయ్యే వరకు వాయిదా వేశాను.

నాన్నగారు ఒప్పందం రెండుసార్లు చదివి, నాతో పాటు బస్సులో వచ్చి గది చూశారు. కింది అంతస్తే, కిటికీ తూర్పు వైపు ఉంది కాబట్టి పగటి నిద్రకు ముదురు రంగు తెర కుట్టించమని అమ్మకు చెప్పాను. సోమవారం ఉదయం చేరుతున్నాను. కడప మేడమ్ గారూ, నా జేబు పుస్తకంలో మొదటి పేజీలో మీరు చెప్పిన మూడు ప్రశ్నలే రాసుకున్నాను. ఇన్సులిన్ ఏ బలం, హెపారిన్ ఏ బలం, పొటాషియం ఎక్కడ.

కడప_వార్డ్_ఇన్‌ఛార్జ్:

మంచిది తల్లీ. నాలుగోది కూడా రాసుకో, ఎమర్జెన్సీ ట్రాలీ తాళం ఎవరి దగ్గరుంది. మొదటి వారం గడిచాక ఎలా ఉందో ఇక్కడే రాయి, ఎదురుచూస్తుంటాం.